రోటవేటర్ షియర్ బోల్టు ఊరికే తెగుతోంది, గట్టి బోల్టు వేయొచ్చా?

పెన్నా రైతు (బుచ్చిరెడ్డిపాళెం)

అందరికీ నమస్కారం. 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కి రోటవేటర్ కట్టి, వరి కోసిన మడి దున్నుతున్నాం. పీటీఓ షాఫ్టు (ట్రాక్టరు ఇంజిను తిప్పుడును రోటవేటర్‌కి అందించే కడ్డీ) దగ్గరుండే 8 ఎంఎం బోల్టు మాటిమాటికీ తెగుతోంది. తెగినప్పుడల్లా దిగి, బురదలో చతికిలబడి, లోపల ఇరుక్కున్న తునకను సుత్తితో కొట్టి తియ్యాల్సి వస్తోంది. కొట్టాయన "ఈ మెత్త బోల్టులు ఎన్నని వేస్తావు, 8.8 హైటెన్సిల్ వెయ్యి, జన్మలో తెగదు" అన్నాడు. డ్రైవరేమో వద్దే వద్దంటాడు. మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది, "అది తెగడానికే పెట్టారు నాన్నా, షియర్ బోల్ట్" అంటుంది. ఇల్లు కట్టే మేస్త్రి బీముకి షియర్ అంటాడు, టీవీలో తుపాను వార్తల్లో విండ్ షియర్ అంటారు. అన్నీ ఒకటేనా? ముందు బోల్టు సంగతి చెప్పండి, మిగతాది తీరిగ్గా.

లేత్ మిషన్ (ఒంగోలు)

డ్రైవర్ మాట వినండి అన్నా. గట్టి బోల్టు వేస్తే అది నిజంగానే తెగదు, గేర్‌బాక్సు పళ్లు తెగుతాయి. క్రాస్ బేరింగు పోతుంది. బోల్టు ఖరీదు ఎంత, గేర్‌బాక్సు ఖరీదు ఎంత?

లెక్క చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి. 8 ఎంఎం బోల్టు కాడ అడ్డంగా కోస్తే వైశాల్యం సుమారు 50 చదరపు ఎంఎం. 4.6 రకం మెత్త ఇనుమును రెండు పక్కలా లాగితే చదరపు ఎంఎంకి 400 న్యూటన్ల దగ్గర తెగుతుంది. అదే బోల్టును లాగకుండా అడ్డంగా కోసేటట్టు నెడితే అందులో 60 శాతం చాలు, అంటే 240. మొత్తం 12 వేల న్యూటన్లు, మన లెక్కలో 1,200 కేజీల బరువు. బోల్టు షాఫ్టు నడిమధ్య నుంచి 55 ఎంఎం దూరంలో ఉందనుకోండి, 660 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, దగ్గర తెగుతుంది. మీ ట్రాక్టరు పీటీఓ 540 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చేది 500 చిల్లర. అంటే మామూలు పనిలో తెగదు, రాయో మొద్దో తగిలితేనే తెగుతుంది. 8.8 వేస్తే ఈ 660 కాస్తా 1,300 దాటుతుంది. ఆ లోపే ఇంకేదో పగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు వేస్తున్న బోల్టుకి మర ఎంతవరకు ఉంది? తల దాకా మర ఉన్న ఫుల్ త్రెడ్ బోల్టు అయితే, కోత పడే చోట వైశాల్యం 50 కాదు, 36.6. అప్పుడు 480 దగ్గరే తెగుతుంది. అంటే మీ ట్రాక్టరు మామూలు పనికే తెగిపోతుంది. నా అనుమానం అదే.

పెన్నా రైతు (బుచ్చిరెడ్డిపాళెం)

ఇప్పుడే డబ్బా తీసి చూశా. అన్నీ తల దాకా మర ఉన్నవే! సైజు ఒకటే గదా అని అవే ఇచ్చాడు. సగం మర బోల్టులు వేరే అడిగి తెస్తా.

లేత్ మిషన్ (ఒంగోలు)

తెచ్చాక కూడా తెగితే తునక ముఖం చూడండి. అడ్డంగా, చదునుగా, ఒక పక్కకి రుద్దినట్టు మెరుస్తుంటే అది సిసలైన షియర్, దెబ్బ తగిలిందని అర్థం. సముద్రం అలలు తీసినప్పుడు ఇసుక మీద పడే గీతల్లాగా వంపు గీతలు ఉంటే బోల్టు నెమ్మదిగా అలసిపోయి తెగింది. అప్పుడు నట్టు వదులుగా ఉందో, కన్నం కోడిగుడ్డు ఆకారానికి అరిగిందో చూడాలి. వదులైన బోల్టు ఊగుతా, వంగుతా చస్తుంది. క్లచ్ టపీమని వదలడం, పీటీఓ తిరుగుతుండగానే రోటవేటర్ పైకెత్తి మలుపు తిప్పడం, ఈ రెండూ మీ డ్రైవర్ని మానుకోమనండి.

కావలి టైలర్

ట్రాక్టర్ గొడవలో నేను దూరుతున్నాను, ఏమనుకోకండి. అడ్డంగా కోసేటట్టు నెట్టడం అంటే కత్తెర చేసే పనే గదా అన్నా? నా దగ్గర పని నేర్చుకొనే అమ్మాయిది ఎడమచేతి వాటం. మామూలు కత్తెరతో కోస్తే గుడ్డ తెగకుండా రెండు అలుగుల మధ్యకి మడత పడిపోతుంది. కత్తెరకి పదునుంది. నా చేతిలో వెన్నలాగా తెగుతుంది.

లేత్ మిషన్ (ఒంగోలు)

బాగా పట్టుకున్నావమ్మా. కత్తెరకి పదునెంత ముఖ్యమో రెండు అలుగులు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం అంత ముఖ్యం. కుడిచేతి వాటం కత్తెరను కుడిచేత్తో పట్టినప్పుడు బొటనవేలు నెట్టే తీరు అలుగుల్ని దగ్గరికి తోస్తుంది. ఎడమచేత్తో పడితే అదే నెట్టుడు వాటిని ఎడం చేస్తుంది. సందు పడిందంటే గుడ్డ తెగదు, వంగుతుంది. ఆ అమ్మాయికి ఎడమచేతి కత్తెర కొనివ్వు, వేరే దారి లేదు.

మంచి కత్తెర మూసి వెలుగుకి పట్టి చూడు. అలుగుల మధ్య సన్నగా సందు కనిపిస్తుంది, అది లోపం కాదు. అలుగుల్ని కావాలనే రవ్వంత వంపుతో చేస్తారు. మూస్తున్నప్పుడు అవి ఎప్పుడూ ఒక్క చోటే తాకుతా, ఆ చోటు మడమ నుంచి మొనకి జరుగుతా పోతుంది. సాన పట్టేవాడు లోపలి ముఖం రుద్ది చదును చేశాడంటే కత్తెర చచ్చినట్టే. మా రేకు కోసే మిషన్లో కూడా పై కత్తికీ కింది కత్తికీ మధ్య రేకు మందంలో 5 నుంచి 10 శాతం సందు ఉంచుతాం. అంతకన్నా ఎక్కువైతే అంచు వంగి గరుకు లేస్తుంది.

పెద్దాయన (కనిగిరి)

అడకత్తెర కూడా ఇదేనా?

లేత్ మిషన్ (ఒంగోలు)

కాదు బాబాయ్. అడకత్తెరకి అలుగు ఒక్కటే, కింద ఉండేది మొండి ఆనుడు. అది పోకచెక్కను చీలుస్తుంది. రెండు అలుగులు పక్కపక్కన దాటుకుపోతేనే షియర్.

జోడిపి (ఉదయగిరి వైపు)

ఇంగ్లిషులో గొర్రెల బొచ్చు కత్తిరించడాన్ని కూడా ఇదే మాటతో పిలుస్తారని మా అబ్బాయి చెప్తే ఇటు వచ్చా. మొన్న ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి "మీ నెల్లూరు గొర్రెలకి ఉన్ని ఎప్పుడు కత్తిరిస్తారు" అని అడిగాడు. మేం నవ్వలేక చచ్చాం. నెల్లూరు జాతికి ఉన్నేదయ్యా! మేకలాగా పొట్టి వెంట్రుకలే, మూపు మీదా రొమ్ము మీదా కాస్త బొచ్చు ఉంటుంది, అంతే. మన ఎండకి అదే మేలు. ఒళ్లంతా తెల్లగా ఉంటే పల్ల, తెలుపు మీద మూతికీ కళ్ల కిందా నల్ల మచ్చలుంటే జోడిపి, ఎర్రగా ఉంటే డోర. దేశంలో ఇంత ఎత్తు పెరిగే గొర్రె ఇంకొకటి లేదు, మాంసానికే పెంచుతాం. కత్తెర పట్టేది దక్కనీ గొర్రెలకి, ఆ నల్ల ఉన్నితోనే గొంగళ్లు నేస్తారు. వాళ్ల కత్తెరకి నడిమధ్య మేకు ఉండదు. ఒకే ఇనప పట్టీని వెనక వంచి, పిడికిట్లో నొక్కి వదిలితే దానంతటదే తెరుచుకొనేటట్టు చేస్తారు.

ఫిజిక్స్ సార్ (ఒంగోలు)

ఇంతసేపూ చదువుతున్నా, ఇక ఆగలేను. పెన్నా రైతు గారూ, మీ ప్రశ్నకి నా సమాధానం ఇది: అన్నీ ఒకటే. ఒక లావు పుస్తకం బల్ల మీద పెట్టి, అట్ట మీద అరచెయ్యి ఆనించి పక్కకు నెట్టండి. కింది అట్ట కదలదు, పై అట్ట జరుగుతుంది, మధ్యలో ప్రతి కాగితమూ కింది కాగితం మీద కొద్దికొద్దిగా జారుతుంది. పొరలు ఒకదాని పక్కగా ఒకటి జారేటట్టు చేసే నెట్టుడు ఎక్కడున్నా అది షియరే. ఇనుములో, మట్టిలో, గాలిలో, ఎక్కడైనా. తేడా ఎక్కడంటే, ఆ జారుడు మనకి కావాలా వద్దా అన్న దగ్గర. బోల్టులో కావాలి, బీములో వద్దు.

ఇంకో మాట. మన లేత్ అన్న చెప్పిన 60 శాతం ఊరికే వచ్చింది కాదు. ఉక్కు సాగడం మొదలెట్టే హద్దుకి సిద్ధాంతం ఇచ్చే సంఖ్య 0.577. మూడు వర్గమూలంతో ఒకటిని భాగిస్తే వచ్చేది.

అందరూ ఇంట్లో చెయ్యగలిగింది ఒకటుంది. సుద్దముక్క రెండు కొసలూ పట్టుకొని, వంచకుండా, తడి బట్ట పిండినట్టు మెలిపెట్టండి. అడ్డంగా తెగుతుందని అనుకుంటారు. తెగదు. 45 డిగ్రీల ఏటవాలుగా, మర చుట్టినట్టు విరుగుతుంది. మెత్త ఇనప కడ్డీని మిషన్లో పెట్టి అట్లాగే మెలిపెడితే కత్తితో కోసినట్టు అడ్డంగా తెగుతుంది. పెట్టిన బలం ఒకటే, విరిగిన తీరు వేరు. ఎందుకంటే పక్కకి నెట్టే బలాన్ని 45 డిగ్రీలు తిరిగి చూస్తే ఒక దిక్కున లాగుడు, ఇంకో దిక్కున నొక్కుడు. ఇనుము జారుడుకి లొంగుతుంది. సుద్దకి లాగుడంటే చావు, అందుకని జారేలోపే లాగుడుకి విరుగుతుంది. సుద్ద, రాయి, కాంక్రీటు ఒక కులం. ఇది మనసులో పెట్టుకుంటే మేస్త్రి మాటలు అర్థమవుతాయి.

గెలాక్సీ (చీమకుర్తి)

సార్ చెప్పింది మా క్వారీలో రోజూ చూసేదే. వరసగా కన్నాలు వేసి, ఉక్కు రేకుల మధ్య చీలకలు దిగ్గొడితే అంతలావు బండ రెండుగా విచ్చుకుంటుంది. కోసింది కాదు, రెండు పక్కలా లాగి చీల్చింది. గ్రానైటును నొక్కితే ఓర్చుకొనేదాంట్లో పదోవంతు లాగుడుకే పోతుంది. డైమండ్ వైర్‌ది ఇంకో దారి, అది అరగదీస్తుంది. మార్కాపురం పలక రాయి మాత్రం వేరు. భూమిలో నలిగినప్పుడు దాంట్లోని రేణువులన్నీ ఒక వాలుకి సర్దుకున్నాయి, అందుకని ఉలి పెడితే ఆ వాలుకే పొరలుగా లేస్తుంది.

సెంట్రింగ్ మేస్త్రి (పొదిలి)

బీములో రింగులు వేసేది కడ్డీలు కదలకుండా పట్టుకోడానికి. మేం ఎప్పటినుంచో 8 అంగుళాలకొకటి కడతన్నాం, ఏ ఇల్లూ పడలా. కొత్తగా వచ్చిన ఇంజినీర్లు రింగుల మీద పడి ఇనుము ఖర్చు పెంచుతన్నారు.

సైట్ ఇంజినీర్ (నెల్లూరు)

మేస్త్రి గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. కడ్డీలు పట్టుకోవడం రింగుకి పక్కపని. అసలు పని షియర్ ఆపడం.

బీము మీద బరువు సమానంగా ఉందనుకోండి. వంపు ఎక్కువగా ఉండేది నడిమధ్యన, అక్కడ కింది కడ్డీలు కాపాడతాయి. షియర్ నడిమధ్యన సున్నా, పిల్లర్ల దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఉంటుంది. అక్కడ బీము ఫిజిక్స్ సార్ సుద్దముక్కలాగే ప్రవర్తిస్తుంది. పిల్లర్ దగ్గర కింద మొదలై, 45 డిగ్రీల ఏటవాలుగా పైకి పాకే పగులు వస్తుంది. నిలువు రింగు ఆ ఏటవాలు పగులుకి అడ్డంగా నిలబడి రెండు అంచుల్నీ కుట్టి పట్టుకుంటుంది. నడిమధ్య నిలువు పగుళ్లు సన్నగా వస్తే కొంత సమయం ఇస్తాయి. పిల్లర్ దగ్గర ఏటవాలు పగులు మాత్రం చెప్పా పెట్టకుండా పోతుంది. ఇంట్లో అట్లాంటి గీత కనిపిస్తే సిమెంటు పూసి ఊరుకోవద్దు, ఇంజినీరుకి చూపించండి.

కాంక్రీటు కట్టడాలకి మన దేశంలో రాసిన ఐఎస్ 456:2000 నియమాల ప్రకారం నిలువు రింగుల ఎడం బీము పనికొచ్చే లోతులో (పై అంచు నుంచి కింది కడ్డీల నడిమధ్య దాకా) ముప్పావు వంతు మించకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ 300 ఎంఎం దాటకూడదు. అది గరిష్ఠ హద్దు. లెక్కలో షియర్ ఎక్కువ వస్తే ఇంకా దగ్గర కట్టాలి. 8 అంగుళాలు నడిమధ్యన సరిపోవచ్చు, కొసల్లో చాలకపోవచ్చు. అంతటా ఒకటే ఎడం కట్టడం దగ్గరే నా గొడవ. ఇనుము ఖర్చు పెంచనక్కర్లేదు, మధ్యలో ఎడం చేసి కొసల్లో దగ్గర చెయ్యండి.

సెంట్రింగ్ మేస్త్రి (పొదిలి)

కొసల్లో దగ్గర కడతాంలే, అదేం పెద్ద పని. మరి రింగు కొక్కేన్ని లోపలికి బాగా వంచమంటారు, అదెందుకు? 90కి వంచితే పని తొందరగా అవుద్ది.

సైట్ ఇంజినీర్ (నెల్లూరు)

భూకంపానికి. ఊగినప్పుడు బయటి కాంక్రీటు పెచ్చు రాలిపోతుంది. 90 డిగ్రీల కొక్కెం అప్పుడు తెరుచుకుంటుంది, 135కి వంచి లోపలి కాంక్రీటులోకి దిగిన కొక్కెం తెరుచుకోదు. ఐఎస్ 13920 అడిగేది ఇదే. బీము కొసల్లో మొదటి రింగు పిల్లర్ ముఖం నుంచి 50 ఎంఎం లోపలే పడాలని, ఆ కొసల్లో ఎడం 100 ఎంఎం మించొద్దని కూడా అందులోనే ఉంది.

పెద్దాయన (కనిగిరి)

మనకి భూకంపాలేంది నాయనా?

ఫిజిక్స్ సార్ (ఒంగోలు)

1967 మార్చి 27న ఒంగోలు భూకంపం వచ్చింది బాబాయ్, తీవ్రత 5.4. ఆ తరవాత కూడా చిన్నవి అడపాదడపా వస్తూనే ఉన్నాయి.

భూకంపంలో కూడా షియరే ఉంది. ముందు వచ్చే పి తరంగం నేలను ముందుకీ వెనక్కీ నొక్కుతూ పోతుంది, పైపొరల్లో సెకనుకి 6 కిలోమీటర్లు. వెనక వచ్చే ఎస్ తరంగం నేలను అడ్డంగా ఊపుతుంది, సెకనుకి మూడున్నర. గోడలకి ఎక్కువ కష్టం దీనితోనే. మొదటి చిన్న కుదుపుకీ తరవాతి పెద్ద ఊపుకీ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో చూసి 8తో గుణిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో పుట్టిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

ఈ రెంటినీ రికార్డుల్లో విడదీసి చూపించినాయన రిచర్డ్ ఓల్డ్‌హామ్, మన జియలాజికల్ సర్వేలో పనిచేసినవాడే. 1897 అస్సాం భూకంపం మీద ఆయన చేసిన పని అది. 1906లో భూమికి వేరే గర్భం ఉందని చెప్పింది కూడా ఆయనే. ద్రవంలో ఎస్ తరంగం పోలేదు, ఎందుకంటే నీళ్లని పక్కకి నెడితే ఎదురు తిరిగి మళ్లీ పాత ఆకారానికి రావు, జారిపోతాయంతే. ఉక్కుకి ఆ ఎదురుతిరిగే గుణం, అంటే దృఢతా గుణకం, 80 గిగాపాస్కల్ దాకా ఉంటే నీళ్లకి సున్నా. ఆ సున్నాని పట్టుకొనే 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ భూగర్భం బయటి భాగం ద్రవమని తేల్చాడు.

కావలి టైలర్

విండ్ షియర్ మిగిలిపోయింది. తుపాను మాట వస్తే మా కావలి వాళ్లని అడగాలి గదా. 1989 నవంబరు తుపాను గురించి మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

ఫిజిక్స్ సార్ (ఒంగోలు)

గే తుపాను. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, ఆ భూభాగం దాటి బంగాళాఖాతంలోకి వచ్చి, సముద్రమంతా బలం పుంజుకుంటూ వచ్చి మీ కావలి దగ్గరే తీరం దాటింది.

తుపాను నిట్టనిలువుగా నిలబడిన యంత్రం. కింద వేడి గాలి పైకి లేస్తుంది, 12 కిలోమీటర్ల పైన బయటికి చిమ్ముతుంది. కింది గాలి ఒక దిక్కుకి, పై గాలి ఇంకో దిక్కుకి జోరుగా వీస్తే ఆ స్తంభం వాలిపోయి, తల ఒకచోట, మొదలు ఒకచోట అయి చెదిరిపోతుంది. పై గాలికీ కింది గాలికీ ఉన్న ఈ తేడానే విండ్ షియర్. వాతావరణ శాఖ వాళ్లు సాధారణంగా ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో గాలినీ 12 కిలోమీటర్ల ఎత్తులో గాలినీ పోల్చి చూస్తారు.

మనకి తుపానులు ఏప్రిల్ నుంచి జూన్ మొదటిదాకా, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎందుకు వస్తాయో, నడుమ జూలై ఆగస్టుల్లో సముద్రం వేడిగానే ఉన్నా ఎందుకు రావో ఎప్పుడైనా ఆలోచించారా? నైరుతి రుతుపవనాల్లో కింద పడమటి గాలి, పైన తూర్పు జెట్ గాలి, రెండూ ఎదురుబొదురు. వాయుగుండాలు లేస్తాయి గానీ తుపానుగా ముదరవు. అంటే షియర్ ఉండటమే మనకి మేలు. నవంబరులో ఆ కాపలా తప్పుకుంటుంది.

పెయింటర్ అన్న (సింగరాయకొండ)

నాదొక చిన్న ముక్క. పక్కకి జారే ఈ నెట్టుడు మా రంగుల పనిలోనూ ఉంది. లప్పం గోడకి పట్టీతో లాగితే జారుతుంది, చెయ్యి ఆపితే కదలకుండా నిలబడుతుంది. మంచి ఎమల్షన్ కూడా బ్రషు కింద పల్చగా పోయి, గోడ మీద కారదు. నీళ్లు ఎక్కువ కలిపితే ఆ గుణం పోతుంది, చుక్కలు కారతాయి. ఓనర్లు "ఇంకాస్త నీళ్లు పొయ్యి" అంటారు, అక్కడే పాడవుద్ది.

రొయ్యల గుంట (ముత్తుకూరు వైపు)

అందరూ చెప్పారు, మట్టి గురించి ఎవరూ చెప్పలా. మా గుంటకి ఒక ఇబ్బంది. నిండుగా నీళ్లున్నన్నాళ్లూ గట్టు బాగుంటుంది. పట్టుబడి అయ్యాక నీళ్లు తోడేస్తే లోపలి వాలు జారి గుంటలో పడుతోంది. నీళ్లున్నప్పుడు కదా నానేది, లేనప్పుడు ఎందుకు జారాలి?

సైట్ ఇంజినీర్ (నెల్లూరు)

మంచి ప్రశ్న. మట్టి జారకుండా నిలిచేది రెండు కారణాల వల్ల. బంకమట్టికి ఉండే అతుకు ఒకటి. రేణువులు ఒకదాన్నొకటి నొక్కుకొని పుట్టించే రాపిడి రెండోది. 1776లో కూలాంబ్ రాసిన సూత్రం ఇదే, కరెంటు చదువులో వచ్చే కూలాంబే ఈయన కూడా. మట్టి సందుల్లో నీళ్లు చేరితే ఆ నీళ్లు రేణువుల్ని ఎడంగా తోస్తాయి, రాపిడి తగ్గుతుంది.

మీ గుంట నిండుగా ఉన్నప్పుడు లోపలి నీళ్లు గట్టును బయటినుంచి నొక్కి పట్టుకొని ఉంటాయి. మోటారు పెట్టి గబగబా తోడేస్తే ఆ ఆనుడు పోయింది, గట్టు లోపల నానిన నీళ్లు మాత్రం బంకమట్టి కాబట్టి అంత తొందరగా దిగవు. బరువు అంతే, నీటి ఒత్తిడి అంతే, ఆసరా లేదు. జారుతుంది. పెద్ద మట్టి ఆనకట్టల్లో నీళ్లు దించేటప్పుడు కూడా ఇదే భయం, అందుకే మెల్లగా దించుతారు.

రొయ్యల గుంట (ముత్తుకూరు వైపు)

అయితే నెమ్మదిగా తోడితే చాలా?

సైట్ ఇంజినీర్ (నెల్లూరు)

చాలావరకు. పట్టుబడికి ముందునుంచే కొద్దికొద్దిగా మట్టం దించుతూ రండి, గట్టులోని నీళ్లు దిగడానికి సమయం ఇవ్వండి. లోపలి వాలు నిటారుగా ఉంటే ఒకటి ఎత్తుకి ఒకటిన్నర, వీలైతే రెండు, అడ్డం వచ్చేటట్టు చెక్కించండి. ఏరేటర్లు గట్టుకి మరీ దగ్గర పెట్టొద్దు, నీటి ఒరవడి వాలు అడుగుని తినేస్తుంది. జారిన చోట అదే బురద ఎత్తి పైన వెయ్యొద్దు, ఎండిన మట్టి తెచ్చి పొరలుగా దిమ్మిస వేయించండి. మట్టి నల్లరేగడా, ఒండ్రా? ఫోటో పెట్టండి.

రొయ్యల గుంట (ముత్తుకూరు వైపు)

నల్లదే. పొద్దున ఫోటో పెడతా సార్.

పెన్నా రైతు (బుచ్చిరెడ్డిపాళెం)

ముత్తుకూరు అన్నా, ఆ గట్టు పొరలు దిమ్మిస చేయించడానికి ముందు మట్టి గుల్ల చేయాలంటే రోటవేటర్ కావాలేమో. అద్దెకిస్తా. బోల్టులు నావే.

లేత్ మిషన్ (ఒంగోలు)

సగం మరవేనా?